మూలల్లేని శుభలేఖ

మొన్న మా మనవరాలు కార్డులు చేసుకునే సామాను తెప్పించుకుంది. చిన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లాంటివి. లోపల కాగితం దూర్చి నొక్కితే ఒకదాన్లోంచి సీతాకోకచిలక, ఇంకోదాన్లోంచి చుక్క ఊడి కింద పడతాయి. ఎవరో స్నేహితురాలి పుట్టినరోజట. అది నొక్కుతోంది, నేను మంచం మీద కూచుని చూస్తున్నాను. తనకి కావలసిన ముక్క తీసుకుని మిగతావి కాలితో మంచం కిందికి తోస్తోంది. నాకు తెలీకుండానే నా నడుం వంగింది. ఒక్కో ముక్కా ఏరి కొంగులో వేసుకుంటున్నాను.

"నాయనమ్మా, అదంతా చెత్త. వదిలెయ్."

"చెత్తనేది మన చేతిలో ఉంటుంది గానీ కాగితంలో ఉండదే," అన్నాను.

అది నవ్వి, "ఏ పుస్తకంలో చదివావేంటి?" అంది.

నేనేం చదువుతాను, నలభై దాటాక పలక పట్టినదాన్ని. ఆ మాట మా సందు చివరింటి టీచరమ్మగారిది. ఇన్నేళ్ల తర్వాత నా నోట్లోంచి ఊడిపడింది. అప్పట్నించి ఆవిడ కళ్లముందు నుంచి కదలడం లేదు. రాస్తే గానీ వదిలేట్టు లేదు.

మనిషి గురించి రాయాలంటే ఎక్కడ పుట్టింది, ఎంత చదివింది, పెనిమిటి ఎప్పుడు పోయాడు అని మొదలెడతారు. అవన్నీ సమాధి రాతి మీద చెక్కే సంగతులు. నాకు తెలిసింది ఇంతే. డెబ్బైల్లో నేను తిరువూరు కోడలిగా వచ్చేసరికే ఆవిడ మిషన్ స్కూల్లో కుట్లూ అల్లికలూ నేర్పే ఉద్యోగం అయిపోయి, పెంకుటింట్లో ఒక్కతే ఉండేది. మాది వ్యవసాయం, ఇంట్లో పాడి ఉండేది. పొద్దున్నే సందులో ఇళ్లకి పాలు పోసి రావడం కొత్తకోడలి వంతు. ఆఖరి ఇల్లు ఆవిడది. ఆఖరి ఇల్లు కాబట్టి అక్కడ కాసేపు కూలబడేదాన్ని.

పొడుగ్గా, సన్నగా, గంజిపెట్టి ఆరేసిన తెల్లచీరలాగా ఉండేది మనిషి. నవ్వితే చప్పుడు రాదు, భుజాలు మాత్రం ఎగురుతాయి. కాఫీలో పంచదార బదులు బెల్లం. మెచ్చుకోవడం అనేది ఆవిడ ఒంట్లో లేదు. నేను పోసిన పాలు బాగున్నాయని ఒక్కనాడూ అన్లేదు. కాస్త పల్చబడ్డ రోజు మాత్రం గిన్నె వంచి చూసి, "ఇవాళ గేదె బావిలో పడిందా అమ్మాయ్?" అనేది.

ఆవిడ పనల్లా కాగితం. క్రిస్మస్‌కి కార్డులు, కొత్త సంవత్సరానికి కార్డులు, ఎవరన్నా బదిలీ మీద వెళ్తుంటే కార్డు, పసిబిడ్డకి గాజులిస్తే ఆ గాజులకో బుల్లి కాగితం పెట్టె. అమ్మకం తక్కువ, పంచడం ఎక్కువ. పెన్షన్‌తో బతుకుతూ ఊరందరికీ పండగ చేసేది.

ముద్రలన్నీ అరిగిపోయిన హవాయి చెప్పులవి. చెప్పు అడుగు కడిగి, బ్లేడుతో బొమ్మ చెక్కి, చెక్కముక్కకి అంటించేది. మా సందులో ఎవరి చెప్పు తెగినా ముందు ఆవిడకే కబురు. మా మావయ్యకి ఒకసారి మల్లెమొగ్గ ముద్ర చూపించి, "ఇది మీ ఎడంకాలు అండీ," అంది. ఆయన ఆ ముద్రకేసీ తన కాలికేసీ మార్చి మార్చి చూసుకున్నాడు.

కోతకి వేరే అచ్చులు. బండిచక్రానికి వేసే ఇనప పట్టా ముక్కల్ని కమ్మరి చేత వంపించి, ఒక పక్క అంచు కత్తిలాగా సాన పెట్టించుకుంది. గంట, చుక్క, పావురం ఇలా ఉండేవి. వేపచెక్క మీద కాగితాలు దొంతిగా పేర్చి, అచ్చు నిలబెట్టి, కొయ్యసుత్తితో ఒక్కటిచ్చేది. టప్. ఆ ఆకారం కిందికి దిగేది. చలి మొదలయ్యేసరికి ఆ టప్పు టప్పులు మా వంటింటిదాకా వినిపించేవి. "టీచరుగారు మొదలెట్టారే, దుప్పట్లు ఎండేసుకోవాలి," అనేది మా అత్తయ్య.

కొట్టబోయే ముందు ఆవిడ కాగితంతో మాట్లాడేది. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు మంగలి పసిపిల్లాడితో మాట్లాడతాడే, అలాగ. "కదలకమ్మా, కదలకు, అయిపోయింది, ఇదిగో అయిపోయింది." చెక్క చుట్టూ తిరిగి అటునించీ ఇటునించీ చూసేది. కొట్టాక మాత్రం చూడదు. తీసి పక్కన పెట్టేయడమే.

"అదేంటండీ, సరిగ్గా తెగిందో లేదో చూసుకోరా?" అన్నాను మొదట్లో.

"కొట్టేముందు చూడాలి అమ్మాయ్. కొట్టాక చూసేదేముంది?"

ఈ మాట అన్నిటికీ వాడేది. మా మావయ్య సంతలో కుంటి ఎద్దుని కొనుక్కొచ్చి దాని కాలు పట్టుకు కూచుంటే, గుమ్మంలోంచే, "కొట్టాక చూస్తున్నారా?" అని పోయింది.

కాగితం కనిపిస్తే ఆవిడకి సిగ్గూ లజ్జా ఉండవు. ఒకసారి విస్సన్నపేట వెళ్తూ బస్సులో నా పక్కన కూచుంది. ముందు సీట్లో ఒకాయన బిస్కెట్ల పొట్లం విప్పాడు, లోపల బంగారు రంగు కాగితం. ఈవిడ చెయ్యి చాపేసింది.

"బాబూ, బిస్కెట్లు మీరు తినండి, ఆ కాగితం ఇటివ్వండి."

ఆయన బెదిరిపోయి బిస్కెట్లతో సహా ఇచ్చేశాడు. ఈవిడ బిస్కెట్లన్నీ తీసి ఆయన ఒళ్లో పోసి, కాగితం మాత్రం గోటితో సాపు చేసి చీర మడతలో దాచుకుంది. ఆయన విస్సన్నపేట వచ్చేదాకా మళ్లీ వెనక్కి తిరగలేదు.

అక్షరాల ముద్రలు కూడా ఉండేవి. నేను జీవితంలో దగ్గరగా చూసిన మొదటి అక్షరాలు అవే. ముద్ర కోసం తిరగేసి చెక్కినవి. అందుకే ఎన్నో ఏళ్ల తర్వాత వయోజన విద్య క్లాసులో పంతులమ్మ బోర్డు మీద 'క' రాస్తే, అది అటు కాదండీ ఇటు అని నేను వాదనకి దిగాను. క్లాసంతా నవ్వింది. నవ్వితే నవ్వారు, నాకంటే ముందు అక్షరం మొహం చూసినవాళ్లు ఆ క్లాసులో ఎవరూ లేరు.

మా సందులో అప్పుడు చదువొచ్చిన ఇళ్లు తక్కువ. అందుకని ఆవిడ ఏ ఇంటికి ఇచ్చే కార్డు మీద ఆ ఇంటి గుర్తు కొట్టేది. టైలరింటికి కత్తెర. కిళ్లీకొట్టు వాళ్లకి సోడాబుడ్డి. మా గేదెల్లో ఒకదానికి ఎడం కొమ్ము కిందికి వంగి ఉండేది. మా కార్డు మీద అదే గేదె, అదే వంకర కొమ్ము, నెత్తిన ఒక చుక్క.

"యేసుప్రభువు పండక్కి గేదె ఏంటండీ?" అంది మా అత్తయ్య.

"ఆయన పుట్టింది పశువుల పాకలోనండీ. గేదెకి చెప్పకుండా పండగెలా చేస్తాం?"

మా అత్తయ్య ఆ కార్డుని ఏటా బియ్యం డబ్బా మీద పెట్టేది. పారేసేది కాదు, అలాగని దేవుడి దగ్గరికీ తెచ్చేది కాదు.

ఇక అసలు సంగతికొస్తాను. నేను కాపురానికొచ్చిన మూడో ఏడు కార్తీకమాసంలో మా మరిదికి పెళ్లి కుదిరింది. ఇంటర్ చదివినవాడు, కాస్త షోకు మనిషి. "వదినా, నా శుభలేఖలు టీచరమ్మగారి చేత చేయించు. ఊళ్లో అందరికీ వచ్చే గులాబీరంగు కార్డు నాకొద్దు," అన్నాడు.

మా అత్తయ్య ఒప్పుకోలేదు. "ఆవిడ చేసేవి క్రిస్మస్ కార్డులురా. పెళ్లికి గంటలూ గొర్రెపిల్లలూ కొడుతుంది."

"కలశం కొట్టమంటే కలశం కొడతారు. దానికి నాదీ పూచీ," అన్నాను నేను.

కాపురానికొచ్చి మూడేళ్లు తిరగని పిల్ల పెద్దవాళ్ల మధ్య పూచీ అనే మాట వాడకూడదు. అన్నాక వెనక్కి తీసుకోడానికి లేదు. మా మావయ్య మధ్యేమార్గం చెప్పాడు. లోపలి కాగితం ప్రెస్సులో అచ్చు వేయించాలి, పైన అట్ట ఆవిడ చెయ్యాలి.

ఆవిడకి చెప్తే సుత్తి కింద పెట్టింది. "పెళ్లికా?" అంది. మళ్లీ, "మీ ఇంట్లో పెళ్లికా?" అంది. అప్పటిదాకా హిందువుల పెళ్లికి ఆవిడ చేత కార్డులు చేయించినవాళ్లు ఊళ్లో లేరు. సంతోషం అనే మాట ఆవిడ నోట రాదు. కానీ ఆ రోజు పాలగిన్నె వంచి చూడ్డం మర్చిపోయింది.

దీనికోసం కమ్మరి దగ్గర కూచుని కొత్త అచ్చు చేయించుకుంది. తమలపాకు. "మీకు తాంబూలం లేనిదే ఏదీ జరగదు కదా," అంది. గట్టి మీగడరంగు అట్టలు తెప్పించింది. మధ్యలో ఎర్రటి లత్తుక రంగుతో కలశం ముద్ర. నాలుగు మూలలా తమలపాకు కోత. ఆకు మొన సరిగ్గా అట్ట మూలకి వచ్చేట్టు అచ్చు నిలబెట్టి కొట్టింది. మూల ఆకై ఊడి వచ్చేసింది, అట్టకి ఆ చోట రెండు వంపులు మిగిలాయి. నేను ఒకటి చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూశాను. ఎంత అందంగా ఉందో అదే చూశాను, ఇంకేం చూడలేదు.

కార్డులు బుట్టలో సర్దుకుని ఆవిడే స్వయంగా మా ఇంటికి వచ్చింది. ఏదన్నా అట్ట సరిచెయ్యాల్సి వస్తుందేమోనని అచ్చూ సుత్తీ కూడా తెచ్చుకుంది. మర్నాడు మొదటి బస్సుకి మా ఆయన రెడ్డిగూడెం, మా మావయ్య పెనుగొలను వెళ్లి బంధువులకి పంచాలి. మా అత్తయ్య చాప వేసుకుని, గిన్నెలో తడిపసుపు కలుపుకుని కూచుంది. మొదటి కార్డు దేవుడికి. వేలు పసుపులో ముంచింది. కార్డు తీసింది. ఒక మూలకి వేలు తెచ్చింది. ఆగింది. కార్డు తిప్పింది. రెండో మూల. మళ్లీ తిప్పింది. ముంచిన వేలు ముంచినట్టే గాల్లో ఉంది.

"ఏమే," అంది నన్ను. "మూలేదీ?"

అప్పుడు కనిపించింది నాకు. శుభలేఖకి నాలుగు మూలలా పసుపు రాయకుండా ఎవరింటికీ పంపం. పసుపు లేకుండా వెళ్లేది చావు కబురు కార్డొక్కటే.

"పసుపు ఎక్కడ పెట్టను? నీ నెత్తిన పెట్టనా?" అంది అత్తయ్య. "మూలలు తెగ్గొట్టిన శుభలేఖ చేత్తో పట్టుకుని వియ్యాలవారి గడప ఎక్కమంటావా మీ మావయ్యని?"

"మధ్యలో పెడితే పోలా?" అన్నాడు మరిది.

"నువ్వు నోర్ముయ్యరా. నీ షోకే ఇదంతా."

మా మావయ్య చేతికర్ర నేలకి ఆనించి, "ఇహ కార్డుల మాట వదిలెయ్యండి. నోటితో పిలుద్దాం. ఈవిడ పూచీ పడిందిగా, అయింది," అన్నాడు. నన్ను 'ఈవిడ' అన్నాడు. ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఆ ఇంట్లో నా మాటకి మళ్లీ విలువుంటుందా లేదా అనేది ఆ అట్టల మీద ఆధారపడి ఉంది. ఆవిడది నాకంటే కష్టం. ఆ కార్డులు వెనక్కి పోతే ఊళ్లో ఇంకే పెళ్లివాళ్లూ ఆవిడ గుమ్మం తొక్కరు.

టీచరమ్మగారు అరుగు మీంచి లేచి వచ్చింది. నేను ఎన్నడూ చూడని పని చేసింది. కోసిన అట్ట ఒకటి చేతిలోకి తీసుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"నా దగ్గరికి పాత శుభలేఖలు వస్తాయి కదండీ, అట్ట మళ్లీ వాడుకుంటాను," అంది మెల్లగా. "మూలల్లో పసుపు మరకలుంటాయని ముందు మూలలే కోసేస్తాను. ఇన్నేళ్లుగా అదే అలవాటు. శుభలేఖ చేతికొస్తే మూలలు కొయ్యడమే నా చేతికి తెలుసు."

అత్తయ్య పసుపు వేలు గిన్నె అంచుకి తుడుచుకుంది.

ఆవిడ గుమ్మందాకా వెళ్లి ఎండకేసి చూసింది. "ఇంకా పొద్దుంది. అమ్మాయ్, ఆ పసుపు గిన్నె తీసుకుని నాతో రా. పెళ్లికొడకా, నువ్వు బుట్ట ఎత్తుకో," అంది.

ఇంటికెళ్లగానే మంచం కిందనించి రేకు డబ్బా లాగి నా ముందు బోర్లించింది. కోసిన మూలలన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కటి పారెయ్యలేదు. గుప్పెడు గుప్పెడు బుల్లి తమలపాకులు.

"పసుపు నీళ్లు చిక్కగా కలుపు. వీటికి స్నానం చేయించు."

ముంచి తీసి పెరట్లో పాతచీర పరిచి ఆరబోశాం. ఆరబోశామో లేదో పక్కింటి కోళ్లు దిగాయి. గింజలనుకున్నాయి కాబోలు. మా మరిది తువ్వాలు తీసుకుని వాటి వెంటపడ్డాడు. గోడ మీంచి పక్కింటావిడ, "ఏవయ్యో, పెళ్లికి ముందే కోళ్లు తోలుతున్నావు, పెళ్లయ్యాక ఏం తోలతావు?" అంది. టీచరమ్మగారి భుజాలు అప్పుడు కాస్త ఎగిరాయి. పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసి ఉడికించిన మైదా జిగురు పొయ్యి మీంచి దించి, ఒక్కో అట్టా తీసి, తెగిన మూల దగ్గరే, కొంచెం లోపలికి, ఆకు మొన కలశంవైపు తిరిగేట్టు అతికించడం మొదలెట్టింది. నేను జిగురు రాయడం, ఆవిడ అతికించడం, పెళ్లికొడుకు కోళ్లని తోలడం. దీపాలు పెట్టే వేళకి అయిపోయాయి. ఆవిడ వేళ్లన్నీ పచ్చగా ఉన్నాయి, అప్పుడే నలుగు పెట్టిన పెళ్లికూతురి వేళ్లలాగా.

మళ్లీ బుట్ట మా చాప మీదికి వచ్చింది. అత్తయ్య ఒక కార్డు తీసింది. బొటనవేలితో ఆకు మీద రుద్దింది. వేలు చూసుకుంది. వాసన చూసింది.

"పసుపే," అంది.

"మూలా అదేనండీ. ఎక్కడికీ పోలేదు, లోపలికొచ్చింది," అంది టీచరమ్మగారు.

అత్తయ్య కార్డుని దీపం దగ్గరికి తీసుకెళ్లి చూసింది. తర్వాత నావైపు తిరిగింది. "ఓచోట తెంపి ఇంకోచోట అతికించారు. కోడల్ని తెచ్చుకోవడమూ అంతేగా," అంది. అది తిట్టో మెప్పో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. మా మావయ్య మాత్రం చేతికర్ర గోడకి చేరేసి, "అమ్మాయ్, పొద్దున మొదటి బస్సుకి లేపు," అన్నాడు. ఆ 'అమ్మాయ్' చాలు నాకు.

మొదటి కార్డు దేవుడి గూట్లో పెట్టి, రెండోది టీచరమ్మగారికి ఇవ్వబోయింది అత్తయ్య. అలవాటుగా కుంకుమ భరిణ మూత తీసి, వేలు ముంచి, ఆవిడ నుదుటిదాకా తెచ్చి ఆగిపోయింది. బొట్టు పెట్టకుండా ఇస్తే మా వైపు అది పిలుపు కాదు. పెడదామంటే ఆవిడ పెట్టుకోదు. ఆ పూట గాల్లో వేలు నిలబడిపోవడం ఇది రెండోసారి. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుంటున్నారు.

అత్తయ్య చూపు బుట్టలోకి పోయింది. అడుగున తమలపాకు అచ్చు ఉంది. దాన్ని తీసింది. అడక్కుండానే అంచులన్నిటికీ దట్టంగా తడిపసుపు పట్టించి, నెత్తిన ఇంత కుంకుమ బొట్టు పెట్టింది. ఇప్పుడేమంటుందో ఈవిడ అని టీచరమ్మగారి మొహంకేసి చూశాను.

టీచరమ్మగారి భుజాలు ఎగరడం మొదలెట్టాయి. ఎగిరి ఎగిరి, కళ్లనీళ్లు తుడుచుకుని,

"పెట్టుకోండి, పెట్టుకోండి. దానికింకా బాప్తిస్మం కాలేదు లెండి," అంది.

మా అత్తయ్య అంత గట్టిగా నవ్వడం నేను అదే చూడ్డం. "అయితే దాన్ని వెంటబెట్టుకుని పెళ్లికి రండి," అంది.

వచ్చింది. పందిట్లో ముందు వరసలో కూచుంది. ఎవరెవరి చేతుల్లో మిఠాయి పొట్లాలున్నాయో, వాటి కాగితాలేం రంగో చూసుకుంటూ.

ఆ తర్వాత చలి వచ్చింది. టప్పు టప్పులు వినిపించాయి, దుప్పట్లు ఎండేశాం, క్రిస్మస్ వచ్చింది. మా కార్డు మాకొచ్చింది. వంకర కొమ్ము గేదె, నెత్తిన చుక్క. ఈసారి నాలుగు మూలలా తమలపాకు కోత ఉంది. ఆ కోత అంచుల వెంట సన్నగా, చూస్తే గానీ కనపడనంత, పసుపు.

అత్తయ్య కార్డు తిప్పి తిప్పి చూసింది. నాకేం చెప్పలేదు. బియ్యం డబ్బా దాటి వెళ్లి, దేవుడి గూట్లో లక్ష్మీదేవి పటం పక్కన గేదెని నిలబెట్టింది.

మర్నాడు పొద్దున పాలు పోస్తూ, "ఆ అచ్చు కడగలేదా అండీ?" అన్నాను.

ఆవిడ గిన్నె అందుకుంది. వెలుగులోకి వంచి చూసింది.

"ఇవాళ గేదె మళ్లీ బావిలో పడిందే అమ్మాయ్," అంది.

ఆ రోజు పాలలో చుక్క నీళ్లు లేవు. ఆవిడ అటు తిరిగి లోపలికి వెళ్లిపోయింది, భుజాలు ఎగురుతుండగా.